ఒక ఇల్లు, ఒకరు విన్నారు

పోయినేడు మే నెలలో ఒక స్త్రీల సదస్సులో మాట్లాడమని నన్ను పిలిచారు. పాస్టర్ల భార్యలు, సండేస్కూలు టీచర్లు, స్త్రీల సమాజాల కార్యదర్శులు, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే సహోదరీలు, అందరూ కలిసి నూటయాభై మంది దాకా ఉన్నారు. నాకిచ్చిన అంశం 'పరిచర్యలో సమతూకం'. తీరికలేని సేవలో ఉన్న స్త్రీలు స్నేహాలనీ, విశ్రాంతినీ, ఆత్మీయ ఎదుగుదలనీ ఎలా కాపాడుకోవాలి అన్నది నేను చెప్పాలి. బైబిల్ స్త్రీ కూతుర్ని, కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని కనుక ఈ పనికి తగుదునని వాళ్ళనుకున్నారు. నేనూ అనుకున్నాను.

నాకన్నా ముందు మాట్లాడినాయన చక్కగా మాట్లాడారు. తెల్లవారుజామున నాలుగింటికే లేవమన్నారు. ఇల్లు లేవకముందే ఏకాంత ప్రార్థన ముగించుకోమన్నారు. వారానికొక సాయంత్రం స్నేహితులకి కేటాయించమన్నారు. పనుల జాబితా రాసుకుని ముఖ్యమైనవీ కానివీ వేరుచేసుకోమన్నారు. ఆ తర్వాత, అందరూ ఊహించినట్టే, మార్త మరియల దగ్గరికి వచ్చారు. మార్తలా కంగారుపడకండి, మరియలా పాదాల దగ్గర కూర్చోండి అని ముగించారు. వంటల పందిరి వైపు నుంచి సాంబారు వాసన వస్తోంది. అక్కడ గరిటె తిప్పుతున్న నలుగురు ఆడవాళ్ళకి ఈ ప్రసంగం వినపడే వీల్లేదు.

నా వంతు వచ్చినప్పుడు నేను కూడా దాదాపు అవే మాటలు ఇంకొంచెం సాహిత్య భాషలో చెప్పాను. ఈ మాట సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. చివర్లో ఒక చిన్నమ్మాయి, పల్లెటూళ్ళో పాస్టరుగారి భార్య, లేచి నిలబడి, "మేడమ్, విశ్రాంతి తీసుకోమన్నారు, బానే ఉంది. ఆదివారం పొద్దున్నే చర్చి ఎవరు ఊడవాలండీ?" అని అడిగింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. జవాబు మాత్రం చెప్పలేదు. ఆ అమ్మాయికి ఒక జవాబు బాకీ పడ్డాను.

ముందు మార్త సంగతి. లూకా సువార్త పదో అధ్యాయం చివర అయిదే అయిదు వచనాలున్న ఈ కథని మన స్త్రీల కూడికల్లో చెప్పినన్నిసార్లు మరే కథనీ చెప్పరు. ఇంటికొచ్చిన యేసుకి మర్యాదలు చేస్తూ మార్త సతమతమవుతుంది. చెల్లెలు మరియ ఆయన దగ్గర కూర్చుని మాటలు వింటుంది. మార్త ఫిర్యాదు చేస్తుంది. ఆయన మరియ పక్షం మాట్లాడతాడు. మూలంలో మార్త చేస్తున్నదానికి వాడిన గ్రీకు మాట 'దియకోనియా'. అదే లూకా రాసిన అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో విధవరాండ్రకి రోజూ అన్నం పంచే పనికీ అదే మాట, అపొస్తలులు తమకోసం ఉంచుకున్న వాక్య బోధనకీ అదే మాట. మన తెలుగు బైబిల్లో ఆ రెండు చోట్లా అది 'పరిచర్య' అయింది. మార్త దగ్గరికొచ్చేసరికి ఒట్టి 'పని' అయింది. యోహాను సువార్త పన్నెండో అధ్యాయంలో మార్త మళ్ళీ వడ్డిస్తుంది. అక్కడ 'ఉపచారం' అయింది. అనువాదకులు కూర్చుని కుట్ర చేశారని నేననడం లేదు. రోమా పత్రిక చివర్లో ఫీబేని వాళ్ళే 'పరిచారకురాలు' అన్నారు కూడా. కానీ మాటలు తమంతట తామే ఎటు జారతాయో చూడండి. సంఘంలో మగవాళ్ళు అన్నం పంచితే పరిచర్య, ఇంట్లో ఆడమనిషి అన్నం పెడితే పని. పనికి సమతూకం చెప్పొచ్చు, తగ్గించుకోమనొచ్చు, చివరికి మందలించనూ వచ్చు. పరిచర్యని తగ్గించుకోమని ఎవరూ పేతురుకి చెప్పలేదు.

ఎలిజబెత్ షుస్లర్ ఫియొరెంజా వంటి స్త్రీవాద వేదాంతులు 1980ల నుంచీ ఈ కథని అనుమానంగా చదువుతున్నారు. తొలి సంఘాల్లో స్త్రీల పరిచర్య మీద జరిగిన తగువు ఇందులో దాగుందనీ, మార్త నోరు మూయించి, మరియని మౌనంగా కూర్చోబెట్టి, ఇద్దరినీ పోటీకి నిలబెట్టారనీ ఫియొరెంజా వాదం. ఎలిజబెత్ మోల్ట్‌మన్-వెండెల్ మార్తని మరో దారిలో వెతికింది. మధ్యయుగాల దక్షిణ ఫ్రాన్సు గాథల్లో ఇదే మార్త మహాసర్పాన్ని లొంగదీసిన వీరవనిత. అంతదూరం పోనక్కరలేదు, యోహాను సువార్త పదకొండో అధ్యాయం చాలు. తమ్ముడు చనిపోయిన దుఃఖంలో ఎదురెళ్ళి, యేసుని క్రీస్తుగా, దేవుని కుమారుడిగా ఒప్పుకుంది మార్తే. మత్తయి సువార్తలో సరిగ్గా అటువంటి మాటే అన్నందుకు పేతురుకి పరలోకపు తాళపుచెవులు దొరికాయి. మార్త ఒప్పుకోలు మీద ప్రసంగం నేను ఈ అరవయ్యేళ్ళలో ఒక్కటీ వినలేదు.

అయితే ఫియొరెంజా వాదం నాకు పూర్తిగా ఎక్కదు. మరియకి దొరికిన ఆ కూర్చునే చోటుని తేలిగ్గా తీసెయ్యడం నావల్ల కాదు. మా అమ్మ అమరావతి దగ్గరి మాలపల్లెలో పుట్టింది. వాళ్ళింట్లో అక్షరం నేర్చిన మొదటి ఆడపిల్ల. మిషన్ బోర్డింగులో నేలమీద కూర్చుని చదువుకున్నప్పుడు, తనని లేపి పొలం పంపమని ఎవరూ అనకపోవడమే ఒక అద్భుతమని చెప్పేది. తరతరాలుగా లేచి పనిచేయడమే తప్ప కూర్చుని వినడం తెలియని జాతికి మరియ చోటు చిన్న విషయం కాదు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, మరియలా కూర్చుని నేర్చుకున్నందుకు అమ్మకి దొరికింది మార్త ఉద్యోగం.

విశ్రాంతి సంగతికొస్తాను. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ ఉంది. ఆ రోజు ఎవరెవరు పని చెయ్యకూడదో జాబితా ఇచ్చారు. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఊళ్ళో ఉన్న పరదేశి. ద్వితీయోపదేశకాండంలో ఎద్దునీ గాడిదనీ పేరుపెట్టి మరీ చెప్పారు. భార్య ఎక్కడా లేదు. 'నువ్వు' అన్నదాంట్లోనే భార్య కూడా ఉందని కొందరు వ్యాఖ్యాతలు సర్దిచెబుతారు. కావచ్చు. మన ఇళ్ళలో మాత్రం లేదనే అర్థం చేసుకున్నారు. పాస్టరమ్మకి ఆదివారమంత బరువైన రోజు వారంలో మరొకటి ఉండదు. చర్చి ఊడ్చి చాపలు పరచాలి, బల్ల మీద గుడ్డ మార్చాలి, పాటలు ఎత్తుకోవాలి, ఆరాధన అయ్యాక దూరం నుంచి వచ్చినవాళ్ళకి అన్నం పెట్టాలి. పాస్టరుకి జీతమిస్తే భార్య ఉచితంగా వస్తుంది. ఇదంతా ఆమె ప్రేమతో చేస్తుందనేది నిజమే కావచ్చు. ప్రేమతో చేసినా నడుం నొప్పి నొప్పే. పేతురు అత్తగారు జ్వరం దిగీ దిగగానే లేచి అందరికీ ఉపచారం చేసిందని చదివినప్పుడల్లా, ఒక పూట పడుకోనివ్వకూడదా అని మా అమ్మ గొణిగేది.

ద్వితీయోపదేశకాండం ఈ ఆజ్ఞకి ఇంకో కారణం చెబుతుంది. ఒకప్పుడు మీరూ ఐగుప్తులో బానిసలే, కాబట్టి మీ దాసుడూ దాసీ మీలాగే విశ్రాంతి పొందాలి అని. ఇక్కడ ఆజ్ఞ ఎవరికిచ్చారు? పని చేయించుకునేవాడికి. అలిసిపోయిన దాసిని పిలిచి, నీ సమయాన్ని తెలివిగా సర్దుకో, నాలుగింటికి లే అని చెప్పలేదు. యజమానిని పిలిచి ఆమెని వదిలెయ్ అన్నారు. సదస్సులో మేమిద్దరం, ఆ పెద్దాయనా నేనూ, ఆజ్ఞని తిరగేసి దాసికి చదివి వినిపించాం. ఎవరు ఊడవాలండీ అన్న ఆ అమ్మాయి ప్రశ్న మా ఇద్దరి ప్రసంగాలకన్నా వాక్యానికి దగ్గరగా ఉంది.

సదస్సు నుంచి వచ్చాక అమ్మ రేకుపెట్టె తీశాను. ఆమె 2009లో పోయింది. అప్పట్నుంచీ ఆ పెట్టె నా మంచం కిందే ఉంది. అందులో ఇరవై రెండు రిపోర్టు పుస్తకాలున్నాయి. అమ్మ 1964 నుంచి 1993 దాకా బైబిల్ స్త్రీగా పనిచేసింది. ప్రతి బైబిల్ స్త్రీ రోజూ ఎక్కడికి వెళ్ళిందో గీతలు గీసిన పుస్తకంలో రాసి, నెలాఖరున పైవాళ్ళకి చూపించాలి. తేదీ, గ్రామం, ఇళ్ళు, విన్నవారు, అమ్మిన సువార్త భాగాలు, చివర సన్నగా ఒక గడి, విశేషాలు. ధరణికోట, ఎనిమిది ఇళ్ళు, ముప్ఫై ఇద్దరు విన్నారు. వైకుంఠపురం, ఆరు ఇళ్ళు, ఇరవై మంది. పెదమద్దూరు, పదకొండు ఇళ్ళు. పేజీలకి పేజీలు ఇదే.

నేను స్త్రీల స్వీయచరిత్రల మీద వ్యాసాలు రాశాను. స్త్రీల డైరీల మీద, ఉత్తరాల మీద పిల్లల చేత పరిశోధనలు చేయించాను. నా మంచం కింద ఉన్నది స్త్రీ రచన అని నాకు ఒక్కసారీ తట్టలేదు. కవితా కథా కాదు కదా, ఉద్యోగపు లెక్కలు కదా అనుకున్నాను. కానీ ఒక దళిత స్త్రీ ముప్ఫై ఏళ్ళు రోజూ తన చేత్తో రాసిన పుస్తకాలు మన దగ్గర ఎన్ని ఉన్నాయి? గోగు శ్యామల కూర్చిన 'నల్లపొద్దు' వచ్చాక దళిత స్త్రీల రచన ఎక్కడెక్కడ ఉందో వెతకడం మనం కొంత నేర్చుకున్నాం. రిపోర్టు పుస్తకాల వైపు మాత్రం చూడలేదు. జేమ్స్ ఎలీషా తానేటి 2013లో తెలుగు బైబిల్ స్త్రీల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే తెచ్చారు. కులం, స్త్రీత్వం, మిషన్ మూడూ ఎలా పెనవేసుకున్నాయో అందులో చూడొచ్చు. అది చదివాక కూడా పెట్టె తెరవని కూతుర్ని నేను.

నివేదిక అనేది ఒక ప్రక్రియ. దానికి తనదైన శిల్పం ఉంది, నిషేధాలూ ఉన్నాయి. అందులో కర్త ఉండదు. 'వెళ్ళాను' అని కూడా రాయనక్కరలేదు, ఊరి పేరు రాస్తే చాలు. అంకె పెరగాలి తప్ప తగ్గకూడదు. అలసట రాయడానికి గడి లేదు. ఆ రోజు ఎవరు కుక్కల్ని ఉసిగొల్పారో, ఎవరు మంచినీళ్ళు దోసిట్లో పోశారో, ఎవరి కోడలు అరుగు చాటుకి వచ్చి ఏడ్చిందో, వీటికి గడి లేదు. 'విశేషాలు' అన్న గడి పేరుకే ఉంది. ఇరవై రెండు పుస్తకాల్లో అది దాదాపు ఖాళీ. 1971 ఆగస్టులో ఒక రోజు మాత్రం అమ్మ అందులో ఇరికించి రాసింది, వాన, ఇంట్లోనే ఉండి కీర్తనలు పాడుకున్నాను అని. పక్కనే ఎర్రసిరాతో పైవాళ్ళ చేతిరాత. ఎందుకు వెళ్ళలేదు? ఆ తర్వాత పదకొండేళ్ళ పుస్తకాల్లో అమరావతిలో వాన కురవలేదు.

ఆత్మీయ ఎదుగుదల అని మనం పెద్ద మాటలు వాడతాం. ఇంట్లో కూర్చుని ఒక పూట కీర్తనలు పాడుకోవడం కన్నా అది వేరేగా ఉంటుందా? ఆ ఒక్క వాక్యానికే సంజాయిషీ అడిగారు. వ్యక్తిగా ఎవర్నీ నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఎర్రసిరా పెట్టిన మనిషికి కూడా పైన ఇంకెవరికో పంపాల్సిన అంకె ఉండి ఉంటుంది.

ఇదే జిల్లాల మిషన్ చరిత్రలో విశ్రాంతి లేకపోలేదు. అది ఎవరికి ఉందన్నదే ప్రశ్న. హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు, తర్వాత పల్నాటి లోపలికి, గురజాల దాకా వెళ్ళి పనిచేశాడు. ఆ తరం నుంచీ మిషనరీలకి కొన్నేళ్ళకోసారి స్వదేశం వెళ్ళిరావడానికి దీర్ఘకాలపు సెలవుండేది. ఎండాకాలానికి కొడైకెనాల్ ఉండేది. 1845లో ఆ కొండమీద మొదటి ఇళ్ళు కట్టుకున్నది అమెరికన్ మిషనరీలే. అది తప్పనను. ఎండ తట్టుకోలేక చనిపోయిన వాళ్ళ పిల్లల సమాధులు చూస్తే ఎవరూ అనలేరు. కానీ ఎండకి పేరుమోసిన రెంటచింతల కూడా ఈ పల్నాడులోనే ఉంది. ఆ ఎండలో చెప్పులరిగేలా తిరిగిన బైబిల్ స్త్రీకి కొండ లేదు.

ఆనా సారా కుగ్లర్ కథ కూడా నేను చిన్నప్పట్నుంచీ త్యాగం కథగానే విన్నాను. పెన్సిల్వేనియాలో స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1883లో గుంటూరు వచ్చింది. డాక్టరుగా పంపడానికి అక్కడివాళ్ళకి మనసొప్పలేదు, స్త్రీలకి చదువు చెప్పడానికి పంపారు. వైద్య మిషనరీగా గుర్తించడానికి మరో రెండేళ్ళు పట్టింది. ఈలోగా ఆమె ఆ పనీ చేసింది, ఈ పనీ చేసింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. 1928లో తన ఆసుపత్రి చరిత్ర తనే పుస్తకంగా రాసింది. గమనించాల్సింది పుస్తకం పేరే. అది ఆసుపత్రి పేరు, ఆమె పేరు కాదు. డాక్టరమ్మకి కూడా తన కథ చెప్పుకోవడానికి భవనాల కథే దారి అయింది. అమెరికా స్త్రీ రాసిన చరిత్రకీ మాలపల్లె స్త్రీ రాసిన రిపోర్టుకీ మధ్య రంగు, కులం, జీతం, కాగితం నాణ్యత అన్నీ తేడానే. అయినా 'నేను' అన్న మాట దగ్గర ఇద్దరూ ఒకేలా తడబడ్డారు.

విశ్రాంతిని స్త్రీల కోసం ఒక వ్యవస్థగా ఆలోచించిన వాళ్ళలో నాకు తెలిసినంతలో బి.వి. సుబ్బమ్మ ముఖ్యురాలు. గుంటూరు జిల్లా కమ్మ కుటుంబం నుంచి వచ్చిన లూథరన్. రాజమండ్రిలో బైబిల్ స్త్రీలకి శిక్షణ ఇచ్చే చార్లొట్ స్వెన్సన్ పాఠశాలకి ప్రిన్సిపాల్‌గా పనిచేసింది. 1970లో ఇంగ్లీషులో పుస్తకం రాసింది. ఆంధ్ర లూథరన్ సంఘంలో క్రైస్తవ ఆశ్రమాలు నడిపింది. ఇల్లూ వంటా వదిలి కొన్నాళ్ళు ఒకచోట చేరి, నేలమీద కూర్చుని ధ్యానం, పాట, చర్చ సాగించడం అన్నది అప్పటి ఆడవాళ్ళకి మామూలు సంగతి కాదు. అయితే సుబ్బమ్మ ఆలోచనంతా అగ్రకులాల హిందువులు క్రీస్తు దగ్గరికి ఎలా వస్తారన్న దిక్కుగా సాగింది. మాలమాదిగ పేటల నుంచి వచ్చి ఆ సంఘాన్ని మోస్తున్న స్త్రీల అలసట ఆ ప్రణాళికలో ఎక్కడుందని నాకు ఎప్పుడూ ఒక పేచీ. 2013లో పుష్పలలిత నంద్యాల బిషప్ అయినప్పుడు మనమంతా సంతోషించాం. సి.ఎస్.ఐ. సంఘంలో తొలి మహిళా బిషప్ మన తెలుగు స్త్రీ కావడం చిన్న సంగతి కాదు. పీఠం మీదికి ఒక స్త్రీ వచ్చింది. చీపురు చేతులు మారలేదు.

మళ్ళీ రిపోర్టు పుస్తకాల దగ్గరికొస్తాను. అంకెల్ని చదువుతుంటే ఒక వింత కనిపించింది. మిగతా రోజుల్లో ఎనిమిది, పది, పన్నెండు ఇళ్ళు. బుధవారం మాత్రం అమరావతి, ఒక ఇల్లు, ఒకరు విన్నారు. 1967 నుంచి చివరి పుస్తకం దాకా దాదాపు ప్రతి బుధవారం ఇదే. అంకె పెంచడమే పరమార్థమైన పుస్తకంలో ఈ ఒకటి ఏమిటి? ఎర్రసిరా ఒకట్రెండు చోట్ల దాని కింద గీత గీసి వదిలేసింది. ఒక్క ఇంటికి ఇన్నేళ్ళు తిరిగితే పెద్ద చేప పడుతుందనుకున్నారేమో.

ఆ ఇల్లెవరిదో నాకు లీలగా తెలుసు. గుడి వీధిలో గాజుల దుకాణం. మేం గాజుల పిన్ని అనేవాళ్ళం. బలిజవాళ్ళు. గుంటూరులో బస్సెక్కి, లాం, తాడికొండ అడ్డరోడ్డు దాటుకుంటూ వెళ్ళాను. అమరావతి అంటే ఇప్పుడు బయటివాళ్ళు రాజధాని అనుకుంటారు. నేను చెప్పేది అసలు అమరావతి, అమరేశ్వరుడి గుడీ స్తూపమూ ఉన్న ఊరు, 2022లో పల్నాడు జిల్లాలో కలిసిన ఊరు. స్తూపం దగ్గర కాసేపు ఆగాను. ఇక్కడి రాళ్ళ మీద దానాలిచ్చిన భిక్షుణుల పేర్లు, వాళ్ళ శిష్యురాళ్ళ ప్రస్తావనలు చెక్కి ఉన్నాయి. రెండు వేల ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో ధర్మం పనిమీద తిరిగిన ఆడవాళ్ళన్న మాట. వాళ్ళకి వానాకాలం మూడు నెలలూ తిరగకూడదన్న నియమం ఉండేది. వర్షావాసం. ఒకచోట ఉండాలి, చదువుకోవాలి, ధ్యానించుకోవాలి. భిక్షుణుల మీద మగ సంఘం పెట్టిన ఆంక్షలు తక్కువేం కాదు, నేను ఆ కాలాన్ని స్వర్ణయుగం చెయ్యబోవడం లేదు. కానీ వాన పడితే ఇంట్లో ఎందుకున్నావని అడిగే ఎర్రసిరా వాళ్ళకి లేదు. ఎందుకు బయటికెళ్ళావని అడిగే నియమం ఉంది.

పిన్నికి ఎనభై అయిదు దాటాయి. గాజుల దుకాణం ఫ్యాన్సీ షాపయింది, మనవడు చూసుకుంటున్నాడు. వెనక వసారాలో మంచం మీద కూర్చునుంది. నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. పోల్చుకున్నాక చెయ్యి వదల్లేదు.

"పిన్నీ, అమ్మ బుధవారం బుధవారం నీ దగ్గరికి వచ్చేది కదా. ఏం చేసేది?"

"ఏం చేసిద్దే, పడుకునేది."

నేను సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను.

"మజ్జానం ఒంటిగంటకొచ్చేది. సంచీ పక్కన పెట్టి, ఇదిగో ఈడనే, మంచం మీద ఒరిగేది. మూడింటికి లేపేదాన్ని. ఇంకాసేపు పడుకో అక్కా అంటే, అమ్మో, రిపోర్టు రాసుకోవాలి అనేది."

అమ్మ నిద్రపోతుంటే పిన్ని పక్కన కూర్చుని గాజులు లెక్కబెట్టి దారాలకి కట్టుకునేదట. లేచాక అమ్మ ఆమెకి వచ్చిన ఉత్తరాలు చదివిపెట్టేదట, వడ్డీవాళ్ళ నోటులో ఎంత రాశారో చూసిపెట్టేదట. ఒక స్త్రీ విశ్రాంతికి మరో స్త్రీ కావలి. బేతనియలో యేసుకి కూడా విశ్రాంతి దొరికింది స్నేహితుల ఇంట్లోనే. ఆ విశ్రాంతి ఖరీదు మార్త వంటింట్లో కట్టింది. ఇక్కడ కనీసం ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకోవడం ఉంది అనుకుని మురిసిపోబోతుంటే పిన్ని తనంతట తనే అంది:

"మొదట్లో మీ అమ్మ ఎల్లిపోయాక మంచం కడిగేదాన్ని. మా అత్త ఉండేదిగా. అత్త పోయినాక కూడా కొన్నాళ్ళు కడిగా. ఎప్పుడు మానేశానో గురుతు లేదమ్మాయ్."

అమ్మకి ఈ సంగతి తెలుసా అని నేనడగలేదు. తెలిసే ఉంటుంది. తడి మంచం తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ వెళ్ళింది. వినోదిని రాసిన ఒక కథ ఉంది, లూకా పదిహేనో అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని కూతురి కథగా తిరగరాసింది. దళిత క్రైస్తవ అమ్మాయి అగ్రకులపు స్నేహితురాలి ఇంటి మోజులో పడి, అవమానం తిని, తన ఇంటికి తిరిగొస్తుంది. మన సాహిత్యంలో కులాంతర స్నేహం మీద ఇంత నిర్దాక్షిణ్యమైన కథ తక్కువ. దాన్ని నేను క్లాసులో ఏళ్ళతరబడి చెప్పాను. ఆ కథ వెలుగులో చూస్తే అమ్మ ఆ మంచం మీద పడుకోకూడదు. కానీ అమ్మకి పడుకోవడానికి మరో మంచం ఎక్కడుంది? ఇంటికెళితే మేం అయిదుగురు పిల్లలం, బడిపంతులు నాన్న, ప్రార్థన చేయించుకోవడానికి వాకిట్లో ఎవరో ఒకరు. సొంత పేటలో పగటిపూట పడుకుంటే అమ్మగారు పని ఎగ్గొట్టారని సాయంత్రానికి పైవాళ్ళకి తెలిసిపోతుంది. సేవ ఎరగని ఇల్లే ఆమెకి నిద్రనిచ్చింది. ఆ ఇల్లు కులం ఎరగని ఇల్లు మాత్రం కాదు. ఈ రెండు వాక్యాల్నీ ఒక సిద్ధాంతంలో ఇమిడ్చే పని నేనింకా చెయ్యలేకపోయాను. మన స్త్రీవాద వ్యాసాల్లో స్నేహాన్ని సోదరీత్వం అని తేలిగ్గా అనేస్తాం. ఆ మాట రాసేటప్పుడు ఇకమీదట నాకు తడి మంచం గుర్తొస్తుంది. ఎప్పుడు మానేసిందో గుర్తులేనంత మామూలుగా కడగడం మానేసిన చేతులు కూడా గుర్తొస్తాయి.

"నీకు సువార్త చెప్పేది కాదా పిన్నీ?"

"ఒకసారి చెప్పింది. నాకు అమరేశ్వరుడున్నాళ్ళే అక్కా అన్నా. మళ్ళీ ఎత్తలా."

సంచీలోంచి పుస్తకం తీశాను. 1974, ఒక బుధవారం. పిన్నికి చదువు రాదు. వేలుపెట్టి చూపిస్తూ చదివాను, అమరావతి, ఒక ఇల్లు, ఒకరు విన్నారు. అమ్మ ఇరవై ఆరేళ్ళు అబద్ధం రాసిందన్నమాట అని నవ్వుతూ అన్నాను. నా నవ్వులో కొంచెం గర్వం కూడా ఉంది. నివేదికని నివేదికతోనే బోల్తా కొట్టించిన తల్లి దొరికింది కదా, వ్యాసానికి మంచి ముగింపు.

పిన్ని నవ్వలేదు. "అబద్ధం ఎందుకయిద్ది? ఇన్నా. పడుకునే ముందు అరగంట చెప్పేది. మీ నాన్న సంగతి, నీ పెళ్ళి సంగతి, ఆ రెడ్డోళ్ళ అరుగు మీద జరిగిన సంగతి. దేవుడి మీద కోపం వచ్చినప్పుడు అదీ చెప్పేది. దేవుడికి చెప్పుకోవే అంటే, ఆయనకి చెబితే ప్రార్థనయిపోద్ది, నీకైతే ఊరికే చెప్పొచ్చు అనేది. నేనొక్కదాన్నే ఇన్నా. ఒక ఇల్లు, ఒకరు. సరిగానే రాసింది."

పుస్తకం మూసి సంచీలో పెట్టుకున్నాను. 'రెడ్డోళ్ళ అరుగు మీద' ఏం జరిగిందో నాకు తెలియదు. అడిగాను. మీ అమ్మ నీకు చెప్పలేదంటే నేను చెప్పనంది.

ఎండ దిగలేదు. పిన్ని మంచం మీద కొంచెం పక్కకి జరిగి, "మొహం పీక్కుపోయింది, కాసేపు ఒరుగమ్మాయ్" అంది.

"బస్సుకి టైమవుతోంది పిన్నీ, సాయంత్రం మీటింగుంది."

"మీ అమ్మ కూడా మొదట్లో ఇట్టాగే అనేది" అంది పిన్ని, దిండు సర్దుతూ.